పుస్తకం ఒకరిది, పానా ఇంకొకరిది

మా ఇంట్లో కారు రిపేరంటే నా పని టార్చి పట్టుకోవడం. 1980ల చివర్లో, విజయవాడలో. నాన్నది సెకండ్ హ్యాండ్ ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు. నెలకో రెణ్ణెల్లకో ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రి వచ్చేవాడు. వెంట ఒక కుర్రాడు, పదకొండేళ్ళుంటాయేమో, అంటే నా ఈడువాడే. వాడి చేతిలో నూనె మరకల గోనెసంచి, అందులో పానాలు. నాన్న చేతిలో మాత్రం కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. ప్లగ్గు గ్యాప్ ఎంతుండాలో, ఏ బోల్టు ఎంత బిగించాలో ఆయన పైకి చదివి తెలుగులో చెప్పేవాడు. మేస్త్రికి చదువు రాదు. "అవునండి" అంటూనే తను చేసేది తను చేసుకుపోయేవాడు. పాయింట్లని ఎమరీ పేపరు ముక్కతో రుద్ది, వాటి మధ్య సందుని ఎవరిదో పాత విజిటింగ్ కార్డు పెట్టి చూసేవాడు. బండి స్టార్టయ్యేది.

నాన్న ఆ ఇంజన్ని ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోగా నేను చూళ్ళేదు. ఒకసారి నేను పానా తీసుకోబోతే వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఆ మసి చేతులకి అంటితే ఓ పట్టాన వదలదు. నీకెందుకురా అదంతా? పోయి చదువుకో." నా పక్కనే నిలబడ్డ ఆ కుర్రాడు కూడా ఆ మాట విన్నాడు.

ఇరవయ్యేళ్ళ తర్వాత అమెరికాలో ఒక అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో, మేనేజరు కంట పడకుండా, కారు కింద వెల్లకిలా పడుకుని ఇంజన్ ఆయిల్ మారుస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. కారు ఇంజన్ని ఎవరికి వాళ్ళు ఇంట్లోనే బాగుచేసుకోవడం అనే అలవాటు కొందరికి ఎట్లా వచ్చింది, మాకెందుకు రాలేదు అని అప్పట్నుంచి చదువుతూ వచ్చాను. ఆ చదివినదాంట్లోదే ఇది.

ఈ కథ మొదట్లోనే ఒక ఆడమనిషి ఉంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్త కార్ల్ నిద్రలేవకముందే, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిని షెడ్డులోంచి బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం అప్పటిదాకా ఏ మోటారు బండీ వెళ్ళలేదు. బండి తయారీలో ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బూ ఉంది. అది జనానికి పనికొస్తుందని చూపించాలన్న పట్టుదల భర్త కంటే ఆవిడకే ఎక్కువ ఉన్నట్టుంది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, బట్టల మరకలకి వాడే లిగ్రాయిన్ కొనుక్కుంది. ఇంధనం వచ్చే గొట్టంలో మడ్డి అడ్డంపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళకి కట్టుకునే పట్టీ విప్పి చుట్టింది. చెక్క బ్రేకులు అరిగితే ఒక చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తులొచ్చినచోట పిల్లలు దిగి నెట్టారు. తిరిగొచ్చాక ఇంకో గేరు ఉంటే బాగుంటుందని కార్ల్‌కి చెప్పింది.

చాలా పుస్తకాల్లో దీన్ని ప్రపంచంలో మొదటి దూరప్రయాణంగా చెప్తారు. నాకు మాత్రం ఇది మొదటి రిపేరు కథ. మెకానిక్ అనే ఉద్యోగం ఇంకా పుట్టలేదు, రిపేరు షాపు లేదు, పుస్తకం లేదు. ఒళ్ళో ఉన్న వస్తువులే పనిముట్లు. ఇంట్లో కుట్టుపని, వంటపని చేసిన చేతులకి అలవాటైన ఉపాయాలే అవన్నీ.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళలో కారు డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది, దానితోపాటు ఒక పనివాడూ వచ్చాడు. షోఫర్ అనే ఫ్రెంచి మాటకి అసలర్థం పొయ్యి రాజేసేవాడని. అప్పట్లో షోఫర్ అంటే ఊరికే తోలేవాడు కాదు, ఇంజన్ విప్పి బిగించగలవాడు. అయ్యగారికి బండి గురించి ఏమీ తెలీదు, షోఫర్‌కి అన్నీ తెలుసు. దాంతో 1900ల మొదట్లో ఇంగ్లండు, అమెరికా మోటారు పత్రికల్లో షోఫర్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. గరాజుల దగ్గర కమీషన్లు తింటున్నారు, అక్కర్లేని సామాను కొనిపిస్తున్నారు, అయ్యగారు పడుకోగానే స్నేహితుల్నేసుకుని షికార్లు కొడుతున్నారు అని. ఇంట్లో వంటమనిషి ముందు తలొంచని పెద్దమనిషి షోఫర్ ముందు నోరెత్తలేకపోయేవాడు. కారు సొంతదారు బానెట్ ఎత్తి చూడటం నేర్చుకోవాలన్న మాట గట్టిగా వినపడింది ఆ రోజుల్లోనే. అంటే ఈ విద్యలో సరదా ఎంతుందో, పనివాడి మీద అపనమ్మకం కూడా అంతే ఉంది. దీన్ని మనం మర్చిపోకూడదు.

1909లో రెండు సంగతులు జరిగాయి. లండన్‌లో డొరొతీ లెవిట్ అనే రేసు డ్రైవరు ఆడవాళ్ళ కోసం కారు పుస్తకం ఒకటి రాసింది. ప్లగ్గు ఎట్లా తుడవాలి, బండి కదలకపోతే ముందేం చూడాలి అన్నీ అందులో ఉన్నాయి. సీటు కింది అరలో చేతి అద్దం, తొడుగులు, చాక్లెట్లు పెట్టుకోమంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళని పిస్తోలు కూడా పెట్టుకోమంది! ఆ అద్దం మొహం చూసుకోవడానికే కాదు, వెనకొచ్చే బండ్లని చూడటానికీ పనికొస్తుందని రాసింది. కార్లకి వెనక చూసే అద్దాలు తగిలించడం మామూలయింది ఆ తర్వాతే. అదే ఏడాది అమెరికాలో ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ ఆవిడ న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 59 రోజుల్లో కారు తోలుకెళ్ళింది. వెంట ముగ్గురు ఆడవాళ్ళున్నారు, ముగ్గురికీ డ్రైవింగ్ రాదు. దారిలో పదకొండు టైర్లు మార్చింది, ప్లగ్గులు విప్పి తుడిచింది. అయినా ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలపాటు ఆడవాళ్ళకి ఇంజన్ సంగతులు తెలీవని జోకులేసుకున్నారో మనకి తెలుసు.

షోఫర్ని నిజంగా అక్కర్లేకుండా చేసింది మోడల్ టి. 1908లో వచ్చి, 1927 వరకు కోటిన్నర బండ్లు తయారయ్యాయి. 850 డాలర్ల దగ్గర మొదలైన ధర 300 లోపుకి దిగింది. కొన్నది ఎక్కువగా రైతులు, చిన్న ఊళ్ళవాళ్ళు. నాగలి, నూర్పిడి యంత్రం సొంతంగా బాగుచేసుకునే చేతులు వాళ్ళవి. ఫోర్డ్ కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం ప్రశ్నలూ జవాబుల పద్ధతిలో ఉంటుంది. ఇంజన్ ఆగిపోతే ఏం చెయ్యాలి? నూనె ఎప్పుడు పొయ్యాలి? మన పల్లెటూరి బళ్ళో వాచకం లాగే. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, దానంతటదే కిందికి పారి ఇంజన్లోకి రావాలి, పంపు లేదు. ట్యాంకులో తక్కువుంటే నిటారు ఎత్తుల మీద ఇంజన్‌కి పెట్రోలు అందేది కాదు. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్ళు. బండి ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాడికి తప్ప ఇట్లాంటి ఉపాయం తోచదు. వెనక చక్రం జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసుకున్నారు, పిండి ఆడించుకున్నారు.

ఆ చేతుల గురించి నేను చదివినవాటిలో అన్నిటికంటే బాగా రాసింది స్టైన్‌బెక్. 1939లో వచ్చిన 'గ్రేప్స్ ఆఫ్ రాత్' గురించి మాట్లాడేటప్పుడు కరువు, వలస, కూలి రేట్ల గురించే మాట్లాడతాం. దాని మధ్యలో చీకటి పడ్డాక కూడా సాగే రిపేరు ఒకటి ఉంది. తోటి ప్రయాణికుల పాత డాడ్జి కారులో కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతుంది. టామ్, అతని తమ్ముడు ఆల్ పాత సామాను దొడ్డికి వెళ్ళి, ఇంకో డాడ్జి పొట్టలోంచి రాడ్ విప్పుకొచ్చి, టార్చి వెలుతురులో బిగిస్తారు. పానా జారి టామ్ వేళ్ళ కణుపులు చెక్కుకుపోతాయి. ఆల్‌కి పదహారేళ్ళు. ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యని కుర్రాడు, ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు కాబట్టి ఆ ప్రయాణంలో పెద్దవాడైపోతాడు. గరాజుకి తీసుకెళ్ళే డబ్బు లేదు, కాబట్టి రిపేరు రావడమంటే బతకడం.

యుద్ధం తర్వాత అమెరికాలో పరిస్థితి వేరు. ఊరి శివార్లలో ఇళ్ళు, ఇంటికో గరాజు, హైస్కూళ్ళలో కారు రిపేరు క్లాసులు, మెకానిక్ గంటకూలీ ఎక్కువ. 1969లో న్యూ మెక్సికోలో జాన్ మ్యూర్ అనే మాజీ ఇంజినీరు ఫోక్స్‌వాగన్ కారుని బతికించుకోవడం గురించి సొంతంగా ఒక పుస్తకం అచ్చేశాడు. అంతకుముందు లాక్‌హీడ్ విమానాల కంపెనీలో పనిచేసి, అదంతా వదిలేసి హిప్పీల్లో కలిసినవాడు. ఏమీ రాని శుద్ధ మొద్దు కోసం అని పుస్తకం పేరులోనే ఉంటుంది. రిపేరు పుస్తకాల్లో నాకు దీని మీద ఉన్నంత ఇష్టం ఇంకో దాని మీద లేదు. పీటర్ ఆష్వాండెన్ బొమ్మలు వేశాడు, ఒక్కో భాగమూ విడివిడిగా గాల్లో తేలుతున్నట్టు. పేజీలు తెరిచి నేలమీద పెడితే మూసుకుపోకుండా స్పైరల్ బైండింగు వేశారు, ఎందుకంటే చదివేవాడి చేతులు ఖాళీగా ఉండవు. బండికి కూడా కర్మ ఉంటుందని రాస్తాడు. మన మాట అక్కడ చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

ఆ పుస్తకం చేయించే పనుల్లో ముఖ్యమైనది వాల్వుల సందు సరిచేసుకోవడం. బీటిల్‌కి ఇంజన్ వెనక ఉంటుంది, నీళ్ళు లేవు, గాలితోనే చల్లబడాలి. 3,000 మైళ్ళకోసారి వాల్వులు చూసుకోవాలి. ఇంజన్ బాగా చల్లారి ఉండాలి, అంటే రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే మొదలుపెట్టాలి. రెండు పక్కలా తీగ కొక్కెంతో పట్టి ఉన్న మూతలు ఊడదీస్తే లోపల వాల్వులు, వాటిని నెట్టే రాకర్లు కనపడతాయి. రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య అంగుళంలో వెయ్యో వంతులు ఆరు, అంతే ఉండాలి సందు. ఫీలర్ గేజ్ అనే పల్చటి ఉక్కు రేకు ఆ సందులో దూర్చి లాగితే కొంచెం పట్టి వదిలినట్టుండాలి. ఎక్కువైతే స్క్రూ తిప్పాలి, తిప్పాక దాని నట్టు బిగించాలి, నట్టు బిగిస్తే సందు మళ్ళీ మారుతుంది, మళ్ళీ చూడాలి. ఒక సిలిండరు అయ్యాక ఇంజన్ని చేత్తో సగం చుట్టు వెనక్కి తిప్పి రెండోదానికి రావాలి. పాత మోడళ్ళలో మూడో సిలిండర్‌కి గాలి సరిగా అందదు, దారిలో ఆయిల్ కూలర్ అడ్డం. అందుకని దాని మీద ఓ కన్నేసి ఉంచాలి. అన్నిటికంటే నాకు నచ్చింది: టకటకమంటున్న వాల్వుని చూసి భయపడక్కర్లేదు, చప్పుడు చెయ్యనిదాన్నే అనుమానించాలి. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మూసుకోనిది కాలిపోతుంది.

ఈ కాలం మాటెత్తితే అందరికీ పిర్సిగ్ మోటర్‌సైకిల్ పుస్తకం గుర్తొస్తుంది. అది 1974లో వచ్చింది, గొప్ప పుస్తకమే. కానీ అది చదివి ఎవరూ వాల్వు సరిచెయ్యలేరు. మ్యూర్ పుస్తకం నల్ల వేలిముద్రలతో సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరుకుతుంది, ఆ ముద్రలే దాని మీద వచ్చిన అసలు సమీక్షలు. 1976లో డియానా స్క్లార్ రాసిన పుస్తకం కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు అన్ని సబ్జెక్టుల మీదా వస్తున్న 'ఫర్ డమ్మీస్' పుస్తకాల వరసకి పదిహేనేళ్ళ ముందే కారు రిపేరుకి ఆవిడ ఆ పేరు పెట్టుకుంది. ఇంగ్లండులో జాన్ హేన్స్ 1960ల నుంచి ఒక్కో మోడల్‌కీ ఒక్కో మాన్యువల్ వేశాడు. కారుని మొత్తం విప్పి, మళ్ళీ బిగించి, దారిపొడుగునా ఫొటోలు తీసి రాసే పద్ధతి.

ఇప్పుడు మళ్ళీ మా వాకిట్లోకి.

అంబాసిడర్ ఇంజన్‌గానీ పద్మిని ఇంజన్‌గానీ బీటిల్ కంటే కష్టమైనవి కావు. ఒకటి మోరిస్, ఒకటి ఫియట్, రెండూ యాభైల నాటి డిజైన్లు. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టేంత చోటు. నాలుగు ప్లగ్గులు, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల పాయింట్లు: అవి విడిపోయినప్పుడల్లా కాయిల్‌లోంచి ఒక నిప్పురవ్వ పుడుతుంది, అంతే విద్య. అంబాసిడర్ దాదాపు అరవయ్యేళ్ళు, 2014 దాకా, పెద్ద మార్పుల్లేకుండా తయారయింది. అంటే ఒకసారి నేర్చుకుంటే జన్మంతా పనికొచ్చే చదువు. కారు కోసం ఏళ్ళకేళ్ళు బుక్ చేసుకుని ఎదురుచూసినవాళ్ళు, దాన్ని బిడ్డలా చూసుకున్నవాళ్ళు, ఎందుకు నేర్చుకోలేదు?

మెకానిక్ కూలి చవక కాబట్టి అనేది సులువైన జవాబు. నిజమే, కానీ సగమే. డబ్బు లెక్క ప్రకారమైతే పద్మిని పెట్రోలు ఖర్చుకే తడుముకునే మా నాన్న పాయింట్లు తనే రుద్దుకోవాలి. మిగతా సగం ఎవరి చేతులకి మసి అంటొచ్చు, ఎవరి చేతులకి అంటకూడదు అన్న పాత లెక్క. చెప్పులు కుట్టేవాడి చేత బ్రేకుకి తోలు వేయించిన బెర్తా తీగని మాత్రం తనే చుట్టుకుంది. మన దగ్గర పెద్దమనిషి చేసే పని పక్కన నిలబడి చెప్పడం. దసరాకి ఆ పానాలకే పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. దణ్ణం పెట్టిన వస్తువుని చేత్తో పట్టుకోవడానికి మర్నాటి నుంచి మళ్ళీ మేస్త్రి రావాల్సిందే.

దీనివల్ల నష్టపోయింది నాన్న ఒక్కడే కాదు. విజయవాడ ఆటోనగర్లో లారీలు, కార్లు విప్పి బిగించే వేలమంది విద్యంతా చెవుల్లోనూ వేళ్ళలోనూ ఉంది. చిన్నప్పుడే షెడ్డులో చేరి, ముందు పానాలు అందిస్తూ, తర్వాత గ్రీజు పూస్తూ, తిట్లూ మొట్టికాయలూ తింటూ నేర్చుకున్నది. మా మేస్త్రి విజిటింగ్ కార్డుతో కొలిచిన సందు, పుస్తకంలో నాన్న చదివిన సందు దాదాపు ఒకటే అయ్యుండాలి, లేకపోతే బండి అంత బాగా నడిచేది కాదు. కానీ ఆ రెండూ ఒకటేనని వాళ్ళిద్దరిలో ఎవరికీ తెలిసే వీల్లేదు. మ్యూర్‌లా రాయగల మేస్త్రి మనకి లేకపోవడానికి, మ్యూర్‌లా పడుకుని చూడగల నాన్న లేకపోవడానికి కారణం ఒకటే.

ఆ గోడ కూలకముందే ఇంకో గోడ లేచింది. పొగ తగ్గించాలన్న చట్టాలతో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, 2000 ప్రాంతంలో మారుతి 800 లోకి కూడా. పాయింట్ల స్థానంలో కంప్యూటరు కూర్చుంది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారులోనూ స్టీరింగ్ కింద ఒక ప్లగ్గు ఉండాలి, దానికి స్కానర్ తగిలిస్తే బండి తన జబ్బు కోడ్ రూపంలో చెప్తుంది. మన దగ్గర 2010 తర్వాత మెల్లగా అదే వచ్చింది. మంచి గాలి కోసమే ఇదంతా, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ కోడ్‌ల వెనక ఉన్న వివరాలూ, సాఫ్ట్‌వేరూ, అసలు విడిభాగాలూ చాలా కంపెనీలు తమ షోరూముల దాటి పోనివ్వలేదు. 2014 ఆగస్టులో మన కాంపిటిషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విషయం కోర్టులకెక్కింది. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లో ఒకసారి, 2020లో ఇంకోసారి బాగుచేసుకునే హక్కు కావాలని ఓటేశారు. అదే 2020లో హేన్స్ కంపెనీ కొత్త కార్లకి అచ్చు మాన్యువల్స్ వెయ్యడం మానేస్తున్నట్టు చెప్పింది.

అయితే గోడకి సందులున్నాయి. 2013లో మా పన్నెండేళ్ళ పాత కారు ఒకరోజు సిగ్నల్ దగ్గర వణకడం మొదలెట్టింది, ఇంజన్ లైటు వెలిగింది. విడిభాగాల షాపులో ఊరికే స్కానర్ పెట్టి చూశారు: పి0301, అంటే ఒకటో సిలిండర్లో మంట సరిగా రావట్లేదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఇంటికొచ్చి ఇంజన్ చల్లారనిచ్చి, ఒకటో సిలిండర్ మీది కాయిల్ విప్పి రెండోదాని మీద, రెండోది ఒకటోదాని మీద పెట్టాను. ఒక్కోదానికి ఒకే బోల్టు. కోడ్ చెరిపి మళ్ళీ నడిపితే ఈసారి పి0302 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటే నడిచొచ్చింది! ఒక్క కాయిల్ కొని వేశాను, ఇరవై నిమిషాల పని. కంప్యూటరు వేలు చూపించింది, దొంగని పట్టుకుంది మాత్రం ఆ పాత మార్చి చూసే ఉపాయమే. ఫోన్ చేసి చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్లగ్గు గ్యాప్ చూశావా?" అన్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్న కారు ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను. షెడ్డు ఎవరిదనుకున్నారు, గోనెసంచి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చిన ఆ కుర్రాడిదే. తల నెరిసింది. చేతిలో ట్యాబ్లెట్, దానికి స్కానరు, తెర మీద ఇంగ్లీషు కోడ్‌లు. గడగడా చదివేసుకుంటున్నాడు. అమెరికాలో కాయిల్ నేనే మార్చుకున్నానని గొప్పగా చెప్పి, ఇవ్వాళ కూడా ఓ చెయ్యి వేస్తానన్నాను.

"మీకెందుకండీ అదంతా?" అని నవ్వాడు. తన ఫోన్లో లైటు వేసి నా చేతికిచ్చాడు. "కాస్త ఇటు పట్టండి."